ఐదు అతుకుల లెక్క

పాతబడిన బండికి సొట్టలు తీయించాలా, అలాగే వదిలేయాలా అన్నది చూడ్డానికి చిన్న ప్రశ్న. ధమ్మ పత్రికలో దీని గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ మా 11 ఇళ్ల మధ్య ఈ ప్రశ్న మూడు ఆదివారాలు నడిచింది. డబ్బు, పరువు, ప్రాణం, అబద్ధం అన్నీ ఆ మూడు ఆదివారాల్లోనే మా ముందుకొచ్చాయి. పంచశీల చెప్పుకోవడం ఒక ఎత్తు, రేకు మీద పడ్డ సొట్ట ముందు నిలబడి దాన్ని పాటించడం మరో ఎత్తు అని మాకు తెలిసింది. ఇలాంటి ఉమ్మడి బండో, ఉమ్మడి గదో, ఉమ్మడి మైకు సెట్టో ఉన్న ఉపాసక బృందాలు మన దేశంలో చాలా ఉన్నాయి. వారికి పనికొస్తుందని రాస్తున్నాం.

కిమ్ మా ఊరు. సూరత్‌కు ఉత్తరాన, భరూచ్ వెళ్లే రైలు దారిలో ఉంటుంది. ఊరికీ ఇక్కడి నదికీ ఒకటే పేరు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చిన తెలుగువాళ్ల సంగతి పాఠకులకు కొత్త కాదు. అక్కడ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుందంటేనే మనవాళ్లు ఎందరున్నారో ఊహించుకోవచ్చు. మగ్గాలు నగరం దాటి కిమ్, పిపోదరా వైపు వచ్చాక వాటి వెనకే మేమూ వచ్చాం. మాలో లూమ్ ఖాతాల్లో 12 గంటల షిఫ్టు చేసేవాళ్లున్నారు, బీములు మోసేవాళ్లున్నారు, ఇంటి దగ్గర కుట్టు మిషన్ నడిపే అక్కలున్నారు. ఆదివారం పొద్దున ఒక అద్దె గదిలో కూర్చుని త్రిశరణాలు, పంచశీల చెప్పుకుంటాం. తర్వాత బాబాసాహెబ్ రచనల్లో కొన్ని పేజీలు చదువుకుని చర్చిస్తాం.

బండి 2011 మోడల్ మారుతీ ఈకో. తెల్లది, సీఎన్జీది, ఐదు సీట్లది. 2017లో 11 ఇళ్లు చందా వేసుకుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కాగితాలు ఒకరి పేరు మీద ఉన్నా బండి అందరిది. భంతేజీని సూరత్ నుంచి తీసుకురావడానికి, పురిటి నొప్పులొచ్చిన వాళ్లను ఆస్పత్రికి చేర్చడానికి, పుస్తకాలు, మైకు సెట్టు మోయడానికి అదే దిక్కు. ఏటా సెప్టెంబరు 23న వడోదరా సంకల్ప భూమికి వంతుల వారీగా వెళ్తాం. 1917లో ఆ రోజున, తలదాచుకోను చోటు దొరకని బాబాసాహెబ్ అక్కడి తోటలో కూర్చుని జీవితాన్ని జాతికి ఇస్తానని సంకల్పించారని మనవాళ్లు స్మరించుకుంటారు. సెలవులొస్తే పిల్లల్ని భరూచ్ జిల్లాలోని కడియా డుంగర్ బౌద్ధ గుహలకు తీసుకెళ్తాం. ఆ కొండ ఎక్కిన పిల్లలకు బౌద్ధం బయటి నుంచి వచ్చిన మాట కాదని, తాము బతుకుతున్న నేలలోనే ఉందని వివరించి చెప్పే పని ఉండదు.

ఇక సొట్టల సంగతి. బండికి మొత్తం నాలుగున్నాయి. ముందు ఎడమ మడ్‌గార్డ్ మీద అరచేయంత సొట్ట ఒకటి. టాప్ మీద సామాను కట్టినప్పుడు దిగిన గుంట ఇంకొకటి. ఎడమ పక్క జరిపే తలుపు మీద జానెడు పొడవున రేకు లోపలికి పోయి, పెయింటు లేచిపోయి, తుప్పు మొదలైంది. నాలుగోది పెద్దది. మొన్నటి జనవరిలో చెరకు ట్రాక్టరు ట్రాలీ వెనక్కి వస్తూ మా బండి వెనక తలుపును నొక్కేసింది. ఎడమ పక్క వెనక లైటు పగిలింది, తలుపు మూసినా కింద మూలన వేలు పట్టే సందు మిగిలింది.

మొదటి ఆదివారం మా పెద్దన్న రెండు చోట్ల రేట్లు అడిగి వచ్చాడు. హైవే మీది పెద్ద షెడ్డులో నాలుగు సొట్టలూ తీసి, పుట్టీ పట్టి, బండంతా ఒక్క రంగు కొట్టి ఇవ్వడానికి 38,000 రూపాయలు అన్నారు. స్టేషన్ దగ్గర చెట్టు కింద పనిచేసే డెంటింగ్ మేస్త్రి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, అతికీ అతకని హిందీలో, "భాయ్, దీనికి రంగు ఎందుకు? రెండు తలుపులు సరిచేస్తా, నడుస్తుంది" అన్నాడట. మా ఉమ్మడి పెట్టెలో ఉన్నది 31,000. పాత బండ్లు కొనే ఒకాయన బండి ఎలా ఉంటే అలా లక్షా ఇరవై వేలకు తీసుకుంటానన్నాడు. రంగు వేయిస్తే ఎంతకు కొంటారని అడిగితే, "ఇంకో పదివేలు ఇస్తా, అంతే" అన్నాడు. అంటే 38,000 పెడితే తిరిగొచ్చేది పదివేలు. అమ్మకం కోసం రంగు వేయించడం దండగని అక్కడే తేలిపోయింది.

అయినా మాటలు అక్కడ ఆగలేదు. మొదట అడ్డం వచ్చింది అబద్ధం. బండికి ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే, మన బండికి జరిగిన నష్టానికి అందులోంచి పైసా రాదు. తెలిసిన ఒక ఏజెంటు ఒక ఉపాయం చెప్పాడు. ఇప్పుడు ఫుల్ పాలసీ తీసుకోండి, ఫోటోలు ఎలా తీయాలో నేను చూసుకుంటాను, రెండు నెలలయ్యాక ఈ సొట్టలన్నీ అప్పుడే పడ్డట్టు క్లెయిమ్ రాద్దాం అన్నాడు. మాలో ఇద్దరు ముగ్గురికి అది తప్పుగా తోచలేదు. "కంపెనీలు మన దగ్గర ఎంత గుంజుతున్నయో, మనం ఒక్కసారి తీసుకుంటే ఏమైతది అన్నా?" అన్నాడు ఒక తమ్ముడు.

లెక్క చూస్తే అందులో లాభం కూడా పెద్దగా లేదు. బండికి పదేళ్లు దాటితే రేకు సామాను ఖరీదులో సగం తరుగు కింద కోసేస్తారు. రబ్బరు, ప్లాస్టిక్‌కూ సగమే. రంగు సామానుకూ సగమే ఇస్తారు. ఆపైన మన వంతు కింద తప్పనిసరిగా కట్టాల్సింది ఉంటుంది. క్లెయిమ్ లేని ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగే తగ్గింపు కూడా క్లెయిమ్ చేస్తే పోతుంది. కానీ ఈ లెక్క చెప్పి ఆపేస్తే సరిపోదని మా చిన్నక్క పట్టుబట్టింది. "లాభం లేదని వద్దంటున్నరా, అబద్ధమని వద్దంటున్నరా? లాభం ఉన్న రోజున ఏం చేస్తరు?" అని అడిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ప్రతి ఆదివారం నాలుగో శీలం అందరం కలిసి చెప్పేది ఆ గదిలోనే. ఆ బండి ఎక్కి వచ్చే భంతేజీ ముందే చెప్తాం. అబద్ధపు డబ్బుతో తుడిచిన రేకు మీద కూర్చుని శీలం చెప్పించుకోవడం కుదరదని అందరం ఒప్పుకున్నాం. ఏజెంటుకు వద్దని చెప్పాం.

తర్వాత వచ్చింది ట్రాక్టరు డ్రైవరు సంగతి. చెరకు కోతల కాలంలో ఇక్కడి షుగర్ ఫ్యాక్టరీల వైపు రాత్రింబవళ్లు ట్రాలీలు నడుస్తాయి. కోతకొచ్చేవాళ్లు ఎక్కువమంది డాంగ్స్ నుంచి, మహారాష్ట్ర ఖాందేశ్ వైపు నుంచి వచ్చే ఆదివాసీ కుటుంబాలు. పొలం గట్ల మీద ప్లాస్టిక్ పరదాల కింద చంటిపిల్లలతో ఉంటారు. మా బండిని నొక్కిన డ్రైవరు పారిపోలేదు. దిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చట్టం ప్రకారం ట్రాక్టరుకు ఇన్సూరెన్సు ఉంటే దాని మీద నష్టపరిహారం కోరవచ్చు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ట్రాక్టరు యజమాని మాత్రం ఆ మాట ఎత్తగానే, "డ్రైవరు కూలీలో కోసి ఇప్పిస్తా" అన్నాడు.

ఆ ఆదివారం వినయ పిటకంలోని కుమ్మరి కథ మాకు పాఠం అయింది. శాక్యుల దేశంలో కపిలవస్తు దగ్గర ఒక కుమ్మరి, పాత్ర కావలసిన భిక్ఖువులకు ఇస్తానని మాటిచ్చాడు. భిక్ఖువులు కొలత లేకుండా అడగసాగారు. చిన్న పాత్ర ఉన్నవాళ్లు పెద్దది, పెద్దది ఉన్నవాళ్లు చిన్నది. అతను వారికి పాత్రలు చేస్తూ అమ్మకానికి చేసుకోలేకపోయాడు. ఇల్లు గడవలేదు, పెళ్లాం పిల్లలు అవస్థపడ్డారు. జనం తప్పుపట్టారు. దాంతో బుద్ధుడు పాత్రలు అడగడాన్ని నిషేధించాడు. తర్వాత పాత్ర పగిలిన ఒక భిక్ఖువు చేతుల్లో తినాల్సి వచ్చింది. అప్పుడు పాత్ర పగిలినా పోయినా అడగవచ్చని సడలింపు ఇచ్చాడు. కొందరు చిన్న బీటకే కొత్తది అడగసాగారు. అప్పుడు నియమం స్థిరపడింది. ఐదు అతుకులకు తక్కువ ఉన్న పాత్రను వదిలి కొత్తది తీసుకోకూడదు. రెండు వేళ్ల వెడల్పు లేని బీట అసలు అతుకు లెక్కలోకే రాదు. నియమం తప్పి కొత్త పాత్ర తెచ్చుకున్నవాడు దాన్ని సంఘానికి అప్పగించాలి. పెద్దల నుంచి చిన్నల దాకా పాత్రలు మార్చుకుంటూ పోగా, చివర మిగిలిన పాత్ర అతనికి ఇస్తారు, పగిలేదాకా అదే వాడుకోమంటారు.

ఈ నియమాన్ని పొదుపు పాఠంగానే మేం ఇంతకాలం చదివాం. ఈసారి చదివినప్పుడు కుమ్మరి ఇల్లు కనబడింది. మన వస్తువు బాగుండాలన్న కోరిక ఎవరి ఇంట్లో పొయ్యి ఆర్పుతోందన్నది అక్కడి ప్రశ్న. మా వెనక తలుపు ఖరీదు ఆ డ్రైవరు కూలీలోంచి వస్తే, మా రంగు కింద ఒక పరదా కింది పిల్లల అన్నం ఉంటుంది. యజమాని తన జేబులోంచి ఇస్తే తీసుకుంటామని, కూలీలో కోస్తే వద్దని చెప్పాం. ఆయన పగిలిన లైటు ఖరీదు మాత్రం ఇచ్చాడు. మిగతాది మాదే అనుకున్నాం. దీన్ని అందరూ మెచ్చలేదు. "మనమేమన్న షావుకార్లమా?" అన్న మాట వచ్చింది. ఆ మాటలో అన్యాయం లేదు. మేమూ కూలి చేసి బతికేవాళ్లమే.

రెండో ఆదివారం మొత్తం పరువు మీద నడిచింది. ఇదే అన్నిటికంటే కష్టమైన చర్చ. మాలో పెద్దవాళ్లం కొందరం సులువుగా మాట్లాడాం. రాజుల చిత్రవర్ణ రథాలు కూడా జీర్ణమవుతాయని ధమ్మపదంలో ఉంది కదా అన్నాం. ఎనభయ్యో ఏట వైశాలి దగ్గర బేలువ గ్రామంలో బుద్ధుడు తన దేహాన్ని వారుతో కట్టి నడిపే పాత బండితో పోల్చుకున్నాడు కదా అన్నాం. కౌశాంబిలో ఉదయన రాజు, తన రాణులు ఇచ్చిన 500 వస్త్రాలు ఏం చేసుకుంటావని ఆనందుణ్ణి అడిగిన కథ కూడా చెప్పుకున్నాం. చిరిగినవి కప్పుకునే దుప్పట్లవుతాయి, అవి పాతబడితే పరుపు ముసుగులు, అవీ పోతే నేల మీద పరిచేవి, తర్వాత కాళ్లు తుడుచుకునేవి, ఆపైన దుమ్ము దులిపే గుడ్డలు, చివరికి మట్టిలో కలిపి నేల అలికేస్తామని ఆనందుడు చెప్పాడు. రాజు సంతోషించి ఇంకో 500 ఇచ్చాడు. మా పక్క స్టేషన్ పేరు కోసంబా కావడంతో పిల్లలకు ఈ కథ బాగా గుర్తుంటుంది.

అంతా విన్న పదో తరగతి అమ్మాయి లేచింది. "పెద్దనాయనా, మన బండిని బడి దగ్గర అందరూ డబ్బా అంటరు. ఆ డబ్బాల వచ్చేటోళ్లని నన్నూ నా చెల్లెనూ అంటరు. చిరిగిన బట్ట గొప్పదని మీరంటున్నరు. మరి బాబాసాహెబ్ సూటు ఎందుకేసుకున్నరు?" అంది.

దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాం. రాజు ఇచ్చిన బట్టను అతికి వాడుకోవడం వేరు, తరతరాలుగా చిరిగిన బట్టే కట్టుకోవాలని శాసించబడినవాళ్లు చిరిగిన బట్టలో ఉండటం వేరు. శాక్యకుమారుడు కోరి కాషాయం కట్టాడు. మా తాతలు కోరి చింపిరి కట్టలేదు. సొట్ట పడ్డ కారులో డబ్బున్నవాడు దిగితే నిరాడంబరుడంటారు. అదే కారులో మనం దిగితే ఇంతే వీళ్లు అంటారు. చూసేవాడి కళ్లలో సొట్ట ఒకటే అయినా దాని అర్థం ఒకటి కాదు. 1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడింది ఇందుకే. అంటరానితనాన్ని గుర్తుపట్టించే చీరకట్టునూ నగలనూ వదిలేయమని చెప్పారు. దళితుడి విషయంలో కట్టూ తీరూ రాజకీయమే. కనుక అమ్మాయి అడిగినదాన్ని తృష్ణ అని కొట్టిపారేయడం ధమ్మం కాదని మేం ఒప్పుకున్నాం.

అయితే పరువు ముందా, ప్రాణం ముందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఏం చేయాలి? దీనికీ బాబాసాహెబ్ జీవితంలోనే ఒక ఘట్టం ఉంది. వీసా కోసం ఎదురుచూస్తూ అని మనం చదువుకునే ఆయన స్వీయానుభవాల్లో అది వస్తుంది. 1929లో బొంబాయి ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా ఆయన ధూలియా వైపు విచారణకు వెళ్లి తిరిగొస్తూ చాలీస్‌గావ్‌లో దిగారు. అక్కడి మహర్‌వాడ ప్రజలు రాత్రికి ఉండిపొమ్మని బతిమాలారు. స్టేషన్‌లో ఆయన్ను గంటసేపు కూర్చోబెట్టి ఒక టాంగా తెచ్చారు. కొద్ది దూరం పోగానే అది ఒక మోటారు కారును గుద్దబోయి తప్పించుకుంది. ముందు నది మీద పిట్టగోడ లేని వంతెన. అక్కడక్కడా రాళ్లు పాతి ఉన్నాయి. చక్రం పక్క రాయికి బలంగా కొట్టుకుని ఆయన వంతెన రాళ్ల మీదికి ఎగిరిపడ్డారు. గుర్రం, టాంగా నదిలో పడ్డాయి. ఆయన కాలు విరిగి రోజుల తరబడి కదలలేకపోయారు.

తర్వాత అసలు సంగతి తెలిసింది. అంటరానివాణ్ణి ఎక్కించుకుంటే తన పరువు పోతుందని టాంగావాలా రానన్నాడు. అతిథి నడిచి వస్తే తమ పరువు పోతుందని మహర్‌వాడ వాళ్లు అనుకున్నారు. చివరికి టాంగా అద్దెకిస్తాను, తోలను అన్నాడు టాంగావాలా. తోలడం అలవాటు లేని మనవాడొకడు పగ్గాలు పట్టాడు. బాబాసాహెబ్ వేలెత్తి చూపింది కులాన్ని. ఒక టాంగా తోలేవాడు కూడా బారిస్టరు కంటే తానే పైవాణ్ణనుకునేలా చేసిన వ్యవస్థను. మహర్‌వాడ వాళ్లను ఆయన నిందించలేదు. కానీ వారు తన గౌరవం కాపాడబోయి తన ప్రాణాన్నే ప్రమాదంలో పెట్టారని కూడా ఆయన దాచకుండా రాశారు. ఆ రెండో మాట మేం గట్టిగా పట్టుకున్నాం. గౌరవం అవసరం. కానీ గౌరవం కోసం చేసే ఖర్చు భద్రతకు పోవాల్సిన డబ్బును మింగకూడదు.

ఆ వెలుగులో బండిని మళ్లీ చూశాం. ఈసారి మేస్త్రిని పిలిచి, ఒక్కో సొట్ట దగ్గర నిలబడి, ఇది ఇలాగే ఉంటే ఏమవుతుందని అడిగాం.

మడ్‌గార్డ్ సొట్ట మీద పెయింటు చెక్కుచెదరలేదు. పెయింటు కింద రేకుకు తేమ తగలదు, తగలనంత కాలం తుప్పు రాదు. దాన్ని తీసి పుట్టీ పట్టి రంగు వేస్తే, పని సరిగ్గా కుదరకపోతే ఇప్పుడున్న గట్టి పొర కూడా పోతుంది. అది ఇంకో ఇరవై ఏళ్లున్నా ఏమీ కాదు. టాప్ మీది గుంటకూ అదే జవాబు, కాకపోతే వానాకాలం నీళ్లు నిలవకుండా చూడాలన్నాడు. ఈ రెండూ రెండు వేళ్ల వెడల్పు లేని బీటల్లాంటివి, అతుకు లెక్కలోకి రానివి.

జరిపే తలుపు సంగతి వేరు. అక్కడ పెయింటు పోయి రేకు బయటపడింది. సముద్రపు గాలి తగిలే ప్రాంతం మాది. తుప్పు మీదే పుట్టీ పట్టి రంగు కొడితే ఏడాదిలో బుడగలొచ్చి ఊడిపోతుందని, ముందు రుద్ది తెల్ల రేకు తేలేదాకా తుప్పు తీయాలని చెప్పాడు. సొట్ట వల్ల తలుపు కింది పట్టాలో బిగుసుకుపోతోంది. లోపల ఐదుగురున్నప్పుడు ఏదైనా జరిగితే ఎడమ పక్క నుంచి దిగడానికి ఉన్న వెనక దారి అదొక్కటే.

వెనక తలుపు అన్నిటికంటే ప్రమాదం. సందులోంచి దుమ్ము, వాన మాత్రమే కాదు, సైలెన్సరు పొగ కూడా లోపలికి వస్తుంది. అద్దాలు మూసి దూరం వెళ్తే లోపల కూర్చున్నవాళ్లకు తలనొప్పి, మగత వస్తాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. పైగా సీఎన్జీ సిలిండరు ఆ తలుపు వెనకే ఉంది. దెబ్బ తగిలినప్పుడు దాని బ్రాకెట్టు, బోల్టులు కదిలాయేమో ఎవరూ చూడలేదు. మూడేళ్లకోసారి చేయించాల్సిన సిలిండరు హైడ్రో టెస్టు గడువు కూడా దగ్గరపడింది. అది లేకపోతే పంపులో గ్యాసు పట్టరు.

పగిలిన లైటు గురించి మాట్లాడుతుంటే అందరికీ 2021 జనవరి గుర్తొచ్చింది. కిమ్-మాండ్వీ రోడ్డు మీద రాత్రిపూట ఒక లారీ చెరకు ట్రాక్టరును తాకి అదుపు తప్పింది. రోడ్డు పక్కన పడుకున్న వలస కూలీల మీదుగా పోయింది. రాజస్థాన్ బాన్స్‌వాడా వైపు నుంచి వచ్చిన 15 మంది చనిపోయారు. పొద్దున పనికెళ్తూ ఆ చోటు దాటినవాళ్లు మాలో ఉన్నారు. ఆ రోడ్డు మీద వెనక లైటు లేని బండి నడపడం మన చావుకే కాదు, పక్కన పడుకున్నవాళ్ల చావుకు కూడా దారి తీస్తుంది. అప్పటిదాకా సొట్టను మొహం మీది మచ్చలా చూస్తున్నవాళ్లం, మొదటి శీలం కూడా ఇక్కడ ఉందని గ్రహించాం.

మిళింద రాజుకు నాగసేనుడు చెప్పిన రథం పోలిక మన పాఠకులకు తెలుసు. ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, అన్నీ కూడినప్పుడు రథమని పిలుస్తాం. ఈ మాటను అనాత్మ బోధగా ఎన్నోసార్లు విన్నాం. మేస్త్రి పక్కన నిలబడి విన్నప్పుడు ఇంకో సంగతి తట్టింది. రథం పేరు కూడిక మీద నిలబడితే, ఏ భాగం పోతే ఆ కూడిక విరుగుతుందో తెలుసుకోవాలి. రంగు పోయినా బండి బండే. బ్రేకు పోతే, తలుపు తెరుచుకోకపోతే, పేరు మిగులుతుందేమో కానీ అందులో కూర్చున్నవాళ్లు మిగలరు.

ఇంకో లెక్క కూడా ఉంది. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. మాది 2011 మోడల్ కాబట్టి 2026లో ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు ఈ పొడిగింపు ఫీజు 5,000 రూపాయలు. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లకున్న ఆంక్షలు గుజరాత్‌లో లేవు కనుక బండి మంచిగా ఉంటే నడుపుకోవచ్చు. 2021 ఆగస్టులో వచ్చిన తుక్కు విధానం కూడా సొంత బండ్లను పరీక్షలో తప్పితేనే తీసేయమంటుంది. ఆ పరీక్షలో బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు. 38,000 రంగుకు పెట్టి, బ్రేకు దగ్గర పరీక్ష తప్పితే ఆ రంగంతా తుక్కు కొట్టుకే పోతుంది.

మూడో ఆదివారం నిర్ణయం రాసుకున్నాం. వెనక తలుపు సరిచేసి, కొత్త రబ్బరు, లైటు బిగించడానికి మా వాటా 4,200. జరిపే తలుపు సొట్ట, పట్టా పనికి 3,500. తుప్పు తీసే కాగితం, ప్రైమరు, రంగుకు 1,800. ముందు రెండు టైర్లకు 6,800. బ్రేకులకు 2,400. సిలిండరు పరీక్షకు, బ్రాకెట్టు చూపించడానికి 2,300. మొత్తం 21,000. మిగిలిన పదివేలల్లో ఐదువేలు రిజిస్ట్రేషన్ పొడిగింపుకు తీసిపెట్టాం. మిగతా ఐదువేలు పెట్టెలోనే ఉంచాం. మడ్‌గార్డ్, టాప్ అలాగే ఉంటాయి.

అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇందులో ఎక్కడుంది? మహద్ ప్రసంగంలోనే బాబాసాహెబ్ స్త్రీలకు ఇంకో మాట చెప్పారు. బట్టకు అతుకులున్నా ఫర్వాలేదు, శుభ్రంగా మాత్రం ఉండాలన్నది దాని సారం. బుద్ధుడు కూడా చీవరాన్ని ముక్కలు కత్తిరించి, మగధ పొలాల గట్లలా వరుసగా కుట్టమని ఆనందుడికి చెప్పాడు. అందరూ ధరించేది అతుకుల బట్టే, కానీ ఆ అతుకులు తీరుగా ఉంటాయి. ఈ రెండూ అమ్మాయికి చెప్పాం. కొంచెంసేపు ఆలోచించి, "అయితే తలుపుకు రంగు నేనేస్తా. తుప్పు మరకలు కనబడొద్దు. వారం వారం కడగాలె, మగవాళ్లు కూడా కడగాలె" అంది. ఆ షరతు కూడా కాగితం మీద రాసుకున్నాం.

పని అయ్యింది. తలుపు మీద కొత్త తెలుపు పాత తెలుపుతో కలవలేదు. ఎండలో నిలబెడితే అతుకు స్పష్టంగా కనబడుతుంది. కానీ అంచులు తిన్నగా ఉన్నాయి, తలుపు ఒక్క వేలితో జరుగుతుంది. వెనక రెండు లైట్లూ వెలుగుతున్నాయి, బంపరు మీద ఎర్ర రిఫ్లెక్టరు పట్టీ అతికించాం. బడి దగ్గర డబ్బా అనడం మానేశారా అంటే మానలేదు. అమ్మాయి మాత్రం ఇప్పుడు, "అవును, డబ్బానే, రంగు నేనే వేసిన" అంటోందట. లోకం చూపు మార్చడం ఒక బండితో అయ్యే పని కాదు. దానికి బాబాసాహెబ్ చూపిన పెద్ద దారి ఉంది, చదువు, సంఘం, పోరాటం. ఆ దారిన మమ్మల్ని క్షేమంగా చేర్చేంత బాగుంటే బండి తన పని చేసినట్టే.

ఇలాంటి నిర్ణయం ముందున్న మిత్రులకు మా అనుభవం నుంచి చెప్పగలిగేది ఇంతే. ముందు ఆ సొట్ట ఎవరినైనా చంపగలదా అని అడగండి. తర్వాత అది పెరుగుతుందా, ఉన్నచోటే ఉంటుందా చూడండి. బాగు చేయడానికి ఎవరి కూలి పోతోందో, ఎక్కడైనా అబద్ధం కలిసిందో చూడండి. ఆ తర్వాత దాని వల్ల మనవాళ్లలో ఎవరు తలదించుకుంటున్నారో అడగండి. అడిగేటప్పుడు పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. ఈ వరుసలో అడిగితే డబ్బు ఎక్కడ పెట్టాలో దానంతటదే తేలుతుంది.

మా కాగితం చివర ఒక లెక్క ఉంది. బండికి ఇప్పటికి రెండు అతుకులు. ఐదు నిండాక కొత్త బండి మాట ఎత్తుకుందాం.